ఉడికేటప్పుడు జియావోజీలు ఎందుకు విచ్చుకుంటాయి?

చన్నీళ్లతో కలిపిన మైదా ముద్దతో చేసిన చైనా జియావోజీలు (లోపల కూర పెట్టి అంచులు మూసిన కుడుములు) నీళ్లలో ఉడికిస్తే విచ్చుకుపోతున్నాయనీ, వాటినే ఆవిరి మీద పెడితే గట్టిపడుతున్నాయనీ మీరు రాశారు. ఈ రెండింటికీ కారణాలు వేరు.

చన్నీళ్లతో కలిపిన పిండిలో గ్లూటెన్ (మైదాకు సాగే గుణాన్నిచ్చే ప్రోటీన్) బలంగా అల్లుకుంటుంది కనుక పైపొర మరిగే నీటిని తట్టుకుంటుంది, ఆవిరి మీద మాత్రం ఆ బిగువే గట్టిదనంగా తెలుస్తుంది. సలసల కాగే నీళ్లు పోసి కలిపితే పిండి కొంత ముందే ఉడికి మెత్తబడుతుంది కనుక, ఆవిరి మీద ఉడికించే రకాలకు చైనాలో తరచుగా ఆ పద్ధతినే పాటిస్తారు.

విచ్చుకోవడానికి మాత్రం నేను లోపలి క్యాబేజీనే అనుమానిస్తాను. సన్నటి తరుగుకు ఉప్పు పట్టించి, 15 నిమిషాల తరువాత గుడ్డలో మూటగట్టి పిండి చూడండి. ఇంత నీరు ఎక్కడ దాగి ఉందా అనిపిస్తుంది. ఆ తడి గానీ నూనె గానీ అంచుకు తగిలితే ఎంత నొక్కినా అతుకు నిలవదు, లోపల గాలి మిగిలినా అంతే. (లోపల రసం నిండి ఉండే షియావోలాంగ్‌బావోలో కూడా రసాన్ని ద్రవంగా పోయరు, గడ్డకట్టించి పెడితే అది ఆవిరికి కరుగుతుంది.)

మరుగు ఉధృతం తగ్గించడానికి నీళ్లు పొంగినప్పుడల్లా కాసిని చన్నీళ్లు చొప్పున మూడుసార్లు పోయడం చైనా ఇళ్లలో పాత అలవాటు. ఇలాంటివే అయిన పోలండ్ కుడుములు పియెరోగీలకైనా ఉధృతంగా మరిగే నీళ్లు మంచివి కావు.