గనుల చట్టాల తయారీలో జియాలజీ విద్యార్థికి చోటుందా?

ప్రశ్న: బీఎస్సీ జియాలజీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఖనిజాలు, చమురు రాయల్టీకి సంబంధించిన బిల్లులు చట్టాలుగా ఎలా మారతాయి? ఆ పనిలో చేరాలంటే లా తప్పనిసరా?

జవాబు: మీలాంటి వారికి తప్పకుండా చోటుంది. అది ఎక్కడుందో తెలియాలంటే ఒక బిల్లు వెంట కొంత దూరం నడవాలి. 1948 నాటి చమురు క్షేత్రాల చట్టాన్ని సవరించే బిల్లునే తీసుకోండి. 2024 ఆగస్టులో రాజ్యసభలో ప్రవేశపెట్టారు. ద్రవ్య బిల్లయితే (పన్నులు, ప్రభుత్వ ఖర్చుల బిల్లు) లోక్‌సభలోనే మొదలు కావాలి, ఇది ఆ కోవలోకి రాదు. డిసెంబరు 3న రాజ్యసభ, 2025 మార్చి 12న లోక్‌సభ ఆమోదించాయి. ఆపైన రాష్ట్రపతి ఆమోదం, గెజిట్‌లో ప్రచురణ.

టీవీలో మనం చూసేది ఆ ఓటింగే. అంతకుముందే మంత్రిత్వ శాఖ ముసాయిదా రాస్తుంది, ఇతర శాఖలు అభిప్రాయాలు చెబుతాయి, న్యాయశాఖలోని శాసన విభాగం ప్రతి పదాన్నీ వడగడుతుంది, కేబినెట్ ఆమోదిస్తుంది. ముసాయిదాను కనీసం 30 రోజులు ప్రజల ముందుంచాలని 2014 నాటి విధానం చెబుతోంది. అది చట్టం కాదు కాబట్టి చాలాసార్లు పక్కన పెడుతున్నారు. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం. గని పక్కన బతికేవారు మాట చెప్పుకోగల ముఖ్యమైన అవకాశం అది.

మీకు అసలు పని ఉన్నది బిల్లు గట్టెక్కిన తర్వాత. రాయల్టీ అంటే ఖనిజం తవ్వుకున్నందుకు ప్రభుత్వానికి చెల్లించే సొమ్ము. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టంలో ఆ రేట్లు రెండో షెడ్యూలులో, అంటే చట్టం చివర జతచేసిన పట్టికలో ఉంటాయి. వాటిని మార్చడానికి కేంద్రానికి కొత్త బిల్లు అక్కర్లేదు, నోటిఫికేషన్ చాలు. కాకపోతే ఒకే ఖనిజంపై రాయల్టీని మూడేళ్లలో ఒకసారికి మించి పెంచకూడదు. ఇనుప ఖనిజానికి సగటు అమ్మకపు ధరలో 15 శాతం, లిథియానికి లోహాల అంతర్జాతీయ మార్కెట్ అయిన లండన్ మెటల్ ఎక్స్ఛేంజ్ ధరలో 3 శాతం. ఆ ధర ఏ గ్రేడుకు, ఖనిజంలోని ఎంత లోహానికి అన్న ప్రశ్న వచ్చినప్పుడు లాయరు మీవైపే చూడాలి. ఇసుక, కంకర వంటి చిన్న తరహా ఖనిజాల నిబంధనలు రాష్ట్రాలవే.

రాష్ట్రాల్లో ఈ పని ఇంకా పెరుగుతుందని నా అంచనా. రాయల్టీ పన్ను కాదని, ఖనిజ హక్కులపై పన్ను వేసే అధికారం రాష్ట్రాలకు ఉందని 2024 జులై 25న సుప్రీంకోర్టు 8-1 మెజారిటీతో తీర్పు చెప్పింది. తమిళనాడు ఆ తర్వాత ఖనిజ భూములపై పన్ను చట్టం తెచ్చింది.

ఇక లా సంగతి. బిల్లులు రాసే ఉద్యోగానికి అది తప్పనిసరి. డిగ్రీ తర్వాత లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేయవచ్చు. కానీ నా మాట వింటే ముందు ఎమ్మెస్సీ పూర్తి చేయండి. కేంద్రంలో జియాలజిస్టు ఉద్యోగాలకు జరిగే యూపీఎస్సీ జియోసైంటిస్ట్ పరీక్షకు అది కావాలి, పైగా లా చదివిన వారందరిలో మిమ్మల్ని వేరుగా నిలబెట్టేది అదే. మధ్యలో ఏడాది వీలు చిక్కితే చట్టసభల పనిపై పరిశోధన చేసే పీఆర్‌ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ సంస్థ నిర్వహించే లాంప్ ఫెలోషిప్‌కు ప్రయత్నించండి. ఎంపీ దగ్గర పరిశోధన సహాయకులుగా పనిచేస్తూ బిల్లును లోపలి నుంచి చూస్తారు. ఏ డిగ్రీ చదివినవారైనా అర్హులే, వయసు పరిమితి మాత్రం గమనించండి.

ఈలోగా రెండో షెడ్యూలు తెరిచి, మీరు ల్యాబ్‌లో చూసిన ఖనిజం ఒకటి ఎంచుకుని, వెయ్యి టన్నులకు రాయల్టీ ఎంతో లెక్క కట్టండి. ఆ లెక్కలో తల దూర్చడం మీకు నచ్చిందా లేదా చూసుకున్నాకే లాసెట్ సంగతి ఆలోచించండి.