మే నెలలో మన శ్రీకాకుళం జిల్లా చూడ్డానికి వస్తున్న సుజాతకి పెద్దమ్మ రాసేది

సుజాతా,

నువ్వు పంపిన లిస్టు చూశాను. నాలుగు రోజుల్లో పదకొండు చోట్లు రాశావు, అదీ మే నెలలో, పసిపిల్లల్ని, మీ ఆఫీసు వాళ్ళ కుటుంబాన్ని వెంటేసుకుని. వద్దమ్మా, సగం కొట్టెయ్యి. బళ్ళో ఉన్నన్నాళ్ళూ పిల్లల్ని ఈ చోట్లన్నిటికీ నేనే తీసుకెళ్ళేదాన్ని కాబట్టి చెబుతున్నాను. ఇక్కడ వేసవిలో తిరగడానికి పనికొచ్చేది పొద్దున్న తొమ్మిది లోపు, సాయంత్రం నాలుగు దాటాక, అంతే. డిగ్రీలు చూస్తే హైదరాబాదు కంటే తక్కువే కదా అనుకుంటారు అందరూ, కానీ సముద్రం పక్కన గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు, ఆ ఉక్కకే మనిషి నీరసించిపోతాడు. రోజుకి రెండే చోట్లు పెట్టుకో, పొద్దున్న ఒకటి, సాయంత్రం ఒకటి. మధ్యాహ్నం భోంచేసి పడుకోండి.

లిస్టులో ముందు తేలినీలాపురం తీసెయ్యి. అక్కడికి గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చేది చలికాలానికి, వేసవి ముదిరేసరికి చాలామటుకు వెళ్ళిపోతాయి. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి నత్తలు తినే కొంగలు వచ్చేది తొలకరితో, కాబట్టి అదీ కుదరదు. అరసవల్లి దర్శనానికి వెళ్ళండి గానీ సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడటం చూస్తామని పిల్లలకి ఆశ పెట్టకు, అది మార్చి, అక్టోబరు నెలల్లోనే.

ఇక సముద్రం. దీని గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు, ఎందుకంటే ఏటా వేసవి సెలవుల్లో బయట ఊళ్ళ నుంచి వచ్చిన కుర్రాళ్ళే మన తీరంలో కొట్టుకుపోతున్నారు. అల్లుడికి ఈత వచ్చని నాకు తెలుసు, స్విమ్మింగ్ పూల్ ఈత ఇక్కడ పనికిరాదు. బారువ దగ్గర మహేంద్రతనయ, కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలుస్తాయి, ఆ మొగల దగ్గర మోకాలి లోతుకి మించి ఎవరినీ దిగనివ్వకు. ఇసుక నిన్న ఉన్నచోట ఇవాళ ఉండదు, అడుగు వేస్తే గుంట. మామూలు ఒడ్డున కూడా ఒక సంగతి గుర్తుపెట్టుకో: అలలు రెండు పక్కలా విరుగుతూ మధ్యలో ఒక చోట మాత్రం విరగకుండా, నీళ్ళు బురద రంగులో నున్నగా కనిపిస్తే, అక్కడ హాయిగా ఉందని దిగుతారు, అసలు లోపలికి లాగేది అక్కడే. ఒకవేళ లాగితే ఒడ్డుకేసి ఎదురీదితే అలిసిపోతారు. ఒడ్డు వెంబడి పక్కకి ఈదాలి, లాగుడు తప్పాక ఒడ్డుకి రావాలి. అమావాస్యకీ పున్నమికీ పోటు ఎక్కువ, ఆ రోజుల్లో ఇసుక మీదే ఆడుకోండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మర పడవల వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఆ రోజుల్లో పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, మత్స్యకారులు వలలు బాగుచేసుకుంటూ కూర్చుంటారు. దిగే ముందు వాళ్ళని అడుగు, ఇవాళ లాగుడు ఎలా ఉంది, ఎక్కడ లోతు అని. పడవ మీద తిప్పమని మాత్రం బతిమాలొద్దు.

బారువలో తాబేళ్ళ గుడ్లు పొదిగించే చోటు ఒకటి ఉంది, ఆలివ్ రిడ్లే తాబేళ్ళవి. గుడ్లు పెట్టాక పిల్లలు రావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది, మే మొదట్లో వస్తే చివరి విడత పిల్లల్ని సముద్రంలోకి వదలడం దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. దొరికితే మన పిల్లల జన్మకి అదే పెద్ద సంబరం. చేత్తో పట్టుకోనివ్వకు, అవి వాటంతట అవే పాకి వెళ్ళాలి. ఫోన్ లైటు వెయ్యొద్దు, అవి వెలుగుకేసి తిరిగి దారి తప్పుతాయి.

ఉద్దానంలో జీడితోటలు చూపించు, కొబ్బరి, పనస, జీడిమామిడి కలిసి ఉండే ఆ నీడలో మధ్యాహ్నం కూర్చుంటే లేవబుద్ధి కాదు. కానీ మందస, వజ్రపుకొత్తూరు వైపు ఎలుగుబంట్లు జీడి పళ్ళకీ, పనస పళ్ళకీ తోటల్లోకి దిగుతాయి, మనుషుల మీద పడిన సందర్భాలూ ఉన్నాయి. చీకటి పడుతున్నప్పుడూ, తెల్లారకముందూ తోటలోకి అడుగు పెట్టొద్దు, పగలు కూడా తోటవాళ్ళు వెంట ఉంటేనే, గట్టిగా మాట్లాడుకుంటూ నడవండి. పచ్చి జీడిగింజ పిల్లలు కొరక్కుండా చూసుకో, దాని జీడి అంటితే పెదాలు బొబ్బలెక్కుతాయి.

సీతంపేట అడవి 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళింది, మనకి పాలకొండ మీదుగా దారి. జలపాతాలు మే నెలలో సన్నగా ఉంటాయి, వాటికోసమే అయితే వర్షాకాలంలో రా. సవర గిరిజనుల సంత చూడాలనుంటే మాత్రం వెళ్ళు. ఆ వైపు ఏనుగుల గుంపు తిరుగుతుంటుంది, ఏ ఊరి దగ్గర ఉన్నాయో అటవీశాఖ వాళ్ళని అడిగాకే బండి కదిలించు, వీడియో కోసం దగ్గరికి పోకు.

శ్రీకూర్మం గుడి తెల్లవారి చూసెయ్యండి, ఎండెక్కితే రాతి మీద కాళ్ళు కాలతాయి. అక్కడి నక్షత్ర తాబేళ్ళని పిల్లలు ఎత్తకూడదు. శాలిహుండం సాయంత్రానికి ఉంచు, మెట్లెక్కేటప్పుడు నీడ ఉండదు గానీ పైన బౌద్ధ స్తూపాల దగ్గర నిలబడితే వంశధార ఆ చివర నుంచి ఈ చివరిదాకా కనిపిస్తుంది, నాకు జిల్లా మొత్తంలో ఇష్టమైన చోటు అదే. అక్కడి నుంచి కళింగపట్నం దగ్గరే.

సాయంత్రాలు ఉన్నట్టుండి మబ్బు పట్టి గాలివాన, పిడుగులు వస్తాయి. ఉరుము వినపడగానే కారులోకో, ఇంట్లోకో వెళ్ళిపోండి. కొబ్బరిచెట్టు కింద, తాటిచెట్టు కింద నిలబడొద్దు, ఒడ్డున అసలే వద్దు.

కూల్ డ్రింకులు మానిపించు. పొద్దున్నే చోడి (రాగి) అంబలో, తరవాణో (పులిసిన గంజి) తాగి బయల్దేరితే పదింటిదాకా ఆకలి దాహం తెలియవు, దారిలో ముంజలు, బొండాలు ఎలాగూ ఉంటాయి. ఎవరికైనా చెమట ఆగిపోయి ఒళ్ళు కాలిపోతూ మాట తడబడితే నీడలోకి చేర్చి తడిగుడ్డలతో తుడుస్తూ వెంటనే 108కి ఫోన్ చెయ్యండి, కాసేపు చూద్దాం అనుకోవద్దు.

సోంపేట స్టేషన్ ఉండేది కంచిలిలో, టికెట్టు సోంపేట అని తీసుకో, ఆటో నేను మాట్లాడి పెడతాను. రెండు రోజులు మా ఇంట్లో ఉండి బారువ, మందస చూడండి, మిగతా రెండు రోజులు శ్రీకాకుళంలో దిగండి. మీ ఆఫీసు వాళ్ళ పిల్లలు ఎందరో, ఎంతెంత వయసు వాళ్ళో రాయి, చోడి పిండి ఆడించాలి.

మీ పెద్దమ్మ