గేర్లు లేని సైకిల్ చాలు బాబూ

ప్రతి ఏడాదీ జులై ఆగస్టు వచ్చేసరికి నాకు వాట్సాప్‌లో ఇదే ప్రశ్న. "అన్నా, డేవిస్‌లో అడ్మిషన్ వచ్చింది, కారు లేకుండా బతకొచ్చా, సైకిల్ కొంటే సరిపోతుందా, గేర్లది కొనాలా మామూలుది కొనాలా, ఎంతవుద్ది" అని. ఒక్కొక్కళ్ళకీ టైప్ చేసి చేసి విసుగొచ్చింది, అందుకే మొత్తం ఒక్కసారే రాసి పడేస్తున్నా, ఇకమీదట ఎవరడిగినా ఇదే పంపిస్తా. నేను 2011లో కాలిఫోర్నియాలోని యూసీ డేవిస్ యూనివర్సిటీకి ఎమ్మెస్‌కి వచ్చా, ఇప్పుడు ఉద్యోగం పక్కనే శాక్రమెంటోలో, కాపురం మాత్రం డేవిస్‌లోనే. ఇన్నేళ్ళలో ఐదు సైకిళ్ళు కొన్నా, రెండు దొంగలెత్తుకుపోయారు, ఒకటి నేనే నాశనం చేసుకున్నా. ఆ అనుభవంతోనే చెప్తున్నా.

గేర్లు లేనిదే కొనండి. ఇక్కడ దాన్ని సింగిల్ స్పీడ్ అంటారు, అదేదో కొత్త సంగతిలా స్టైలుగా అమ్ముతారు గానీ మన తెనాలిలో గంటకి రూపాయి అద్దెకిచ్చిన సైకిల్ ఏంటి, మా నాన్న ఆఫీసుకి తొక్కిన నల్ల సైకిల్ ఏంటి, అన్నీ అవే కదా. అప్పుడు దానికి పేరే లేదు, సైకిల్ అంటే సైకిలే.

డేవిస్‌లో ఇది ఎందుకు నడుస్తుందంటే ఊరు అరచెయ్యిలా చదునుగా ఉంటుంది. మొత్తం ఊళ్ళో ఎత్తంటూ ఎక్కాల్సింది ఫ్రీవే మీదుగా వేసిన బ్రిడ్జిలే, పోల్ లైన్ రోడ్డు బ్రిడ్జి ఎక్కేటప్పుడు కాస్త ఆయాసం వస్తుంది, అంతే. పైగా ఊరంతా సైకిల్ కోసమే కట్టినట్టుంటుంది, అమెరికాలో రోడ్డు పక్కన సైకిళ్ళకి విడిగా గీత గీసి లేన్ వేసిన మొదటి ఊరు ఇదే, 1967లో. అంతకుముందే ఎమిల్ మ్రాక్ అనే ఛాన్సలర్ క్యాంపస్‌ని సైకిల్ తొక్కేవాళ్ళని దృష్టిలో పెట్టుకుని ప్లాన్ చెయ్యమన్నాడట, అందుకే క్యాంపస్ నడిమధ్యలో కార్లు తిరగవు. ఊరి లోగోలో కూడా పాతకాలం పెద్దచక్రం సైకిలే ఉంటుంది.

మరి గేర్లుంటే నష్టమేంటి, వాడకపోతే పోయె కదా అంటారు. నష్టం ఎక్కడంటే స్టాండు దగ్గర. వెనక చక్రం పక్కన కిందకి వేలాడుతూ చైన్‌ని ఒక పళ్ళచక్రం మీంచి ఇంకోదాని మీదకి తోసేది ఒకటుంటుంది, డీరైలర్ అంటారు. క్యాంపస్‌లో క్లాసుల టైముకి ర్యాకుల్లో సైకిళ్ళు ఒకదానిమీద ఒకటి ఇరికించేస్తారు, ఎవడో తన సైకిల్ లాక్కునేటప్పుడు మీ డీరైలర్‌కి హ్యాండిల్ తగిలించి వంచేస్తాడు, సాయంత్రం మీరు తొక్కితే కటకటమని చప్పుడు. దాన్ని సరిచేయించడానికి షాపువాడు అడిగే డబ్బుకి పాత సైకిల్ సగం వస్తుంది. చవక సైకిల్‌కి వేసే గేర్లు కూడా చవకవే, కొన్న నెలకే తప్పుతాయి. సింగిల్ స్పీడ్‌కి ఆ తలనొప్పి లేదు, చైన్, ముందొక పళ్ళచక్రం, వెనకొకటి, రెండు బ్రేకులు.

కొనేటప్పుడు ఆ పళ్ళు ఎన్నో మాత్రం అడగండి. చాలావాటికి ముందు 46, వెనక 16 ఉంటాయి, అంటే పెడల్ ఒక్కసారి పూర్తిగా తిప్పితే బండి దాదాపు 6 మీటర్లు పోతుంది. చదును నేల మీద హాయిగా ఉంటుంది కానీ బ్యాగులో ల్యాప్‌టాపూ క్యారియర్ మీద బియ్యం బస్తా పెట్టుకుని సిగ్నల్ దగ్గర ఆగి మళ్ళీ ఎత్తుకోవాలంటే మోకాళ్ళు పట్టేస్తాయి. వెనక 18 పళ్ళది వేయించుకుంటే తేలిక, స్పీడు కాస్త తగ్గుతుంది, తగ్గితే తగ్గనీండి, మనమేం రేసుకి పోవట్లేదు.

ఇంకో మాట, సింగిల్ స్పీడ్ వేరు ఫిక్సీ వేరు, చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఫిక్సీకి ఫ్రీవీల్ ఉండదు, చక్రం తిరుగుతున్నంతసేపూ పెడల్ తిరుగుతూనే ఉంటుంది, మనం తొక్కడం ఆపేసినా అది ఆగదు. మా రూమ్మేట్ ఒకడు తెలియక అలాంటిది కొనేసి, మొదటిరోజే అలవాటుగా కాళ్ళు ఆపేసరికి పెడల్ కాలిపిక్క మీద తన్నింది, వారం కుంటాడు. కొన్ని సైకిళ్ళకి వెనక చక్రానికి రెండువైపులా రెండు రకాలూ ఉంటాయి, చక్రం తిప్పి బిగిస్తే ఫ్రీవీల్ వైపు పెట్టుకోవచ్చు. అమ్మేవాణ్ణి అడగడం ఎందుకు, వెనక చక్రం పైకెత్తి ముందుకి తిప్పి వదిలేయండి, పెడల్ ఆగి చక్రం ఒక్కటే టిక్ టిక్ అంటూ తిరిగితే ఫ్రీవీల్ అన్నట్టు. బ్రేకులు రెండూ ఉన్నాయో లేదో కూడా చూడండి, కొందరు స్టైలుకి తీసేస్తారు. ఒక్క బ్రేకూ లేని సైకిల్ కాలిఫోర్నియాలో చట్టప్రకారం కూడా కుదరదు.

బ్రేకుల మాట వచ్చింది కాబట్టి మనవాళ్ళు అసలు తెలుసుకోవాల్సింది చెప్తా, దీన్ని ఇక్కడ ఎవడూ చెప్పడు ఎందుకంటే వాళ్ళకి అది మామూలే. మన దగ్గర స్కూటర్ మీద కుడిచేతి బ్రేకు ముందు చక్రానికి, ఎడమచేతిది వెనక చక్రానికి. అమెరికా సైకిల్‌కి తిరగేసి ఉంటుంది, ఎడమచేతిది ముందు చక్రానికి. నేను వచ్చిన రెండో వారం, లైబ్రరీ వైపు స్పీడుగా పోతుంటే ముందు పోతున్నమ్మాయి ఠక్కున ఆగింది, నేను పాత అలవాటు కొద్దీ ఎడమ చెయ్యి గట్టిగా నొక్కా, వెనక బ్రేకే కదా అని. ముందు చక్రం అక్కడే బిగుసుకుపోయింది, నేను హ్యాండిల్ మీదుగా అవతల పడ్డా. గడ్డం చీరుకుంది, బ్యాగులో పులిహోర డబ్బా మూత ఊడి శనగపప్పూ పల్లీలతో సహా మొత్తం తారు మీద పరుచుకుంది. ఆ అమ్మాయి నా గడ్డం రక్తం చూసి కాదు, పసుపుపచ్చగా పడినదేంటో అర్థంకాక భయపడింది. కాబట్టి సైకిల్ కొన్న రోజే ఖాళీ పార్కింగ్‌లో అరగంట తొక్కి, రెండు చేతులూ సమానంగా, మెల్లిగా నొక్కడం అలవాటు చేసుకోండి. కేబుళ్ళు తారుమారు చేయించుకోవచ్చు గానీ రేపు స్నేహితుడి సైకిల్ ఎక్కితే మళ్ళీ గోవిందా.

అలాగే ఇక్కడ కుడివైపు పోవాలి, దాంతో క్యాంపస్‌లో సైకిల్ సర్కిళ్ళు మనకి తిరగేసి అనిపిస్తాయి. మనం రౌండానా చుట్టూ గడియారం ముల్లులా తిరుగుతాం, ఇక్కడ దానికి ఎదురు. లోపల తిరుగుతున్నవాళ్ళకి దారిచ్చి అప్పుడు దూరాలి, బయటికి పోయేముందు చెయ్యి చాపాలి, ఏం జరిగినా మధ్యలో ఆగొద్దు. సెప్టెంబర్ ఆఖర్లో క్లాసులు మొదలయ్యే వారం చూడాలి ఆ సర్కిళ్ళు, వేలమంది కొత్తవాళ్ళు ఒకేసారి, విజయవాడ బెంజ్ సర్కిల్ నయం అనిపిస్తుంది. ఆ వారం పది నిమిషాలు ముందు బయల్దేరండి, లేదా పక్కన నడిపించుకుంటూ పోండి, సిగ్గేం లేదు.

ఇక డబ్బు సంగతి. కొత్త సింగిల్ స్పీడ్ నేను చూసినంతలో 250 నుంచి 400 డాలర్ల దాకా ఉంటుంది, పాతది 100 నుంచి 200లో మంచిదే దొరుకుతుంది, నా ఇప్పటి సైకిల్ 120కి కొన్నా. సూపర్ స్టోర్‌లో ఇంకా చవగ్గా కొత్తవి కనబడతాయి, వాటిని బిగించేవాళ్ళకి సైకిల్ గురించి తెలిసుండాలనేం లేదు, నేను అలా కొన్న దానికి ముందు ఫోర్కు వెనక్కి తిప్పి బిగించారు, వారం రోజులు తొక్కాక ఒక పెద్దాయన ఆపి చెప్పాడు. పాతది కొనాలంటే టైము ముఖ్యం. జూన్‌లో చదువు అయిపోయి ఊరొదిలి పోయేవాళ్ళు అయినకాడికి అమ్మేస్తారు, అదే సైకిల్ సెప్టెంబర్ ఆఖర్లో దాదాపు రెట్టింపు. మీరు జూన్‌లో ఉండరు కదా, అందుకే ఇక్కడున్న సీనియర్ ఎవరినైనా పట్టుకుని ముందే కొనిపెట్టి ఉంచమనండి, లేదంటే ఓ మూడు వారాలు బస్సులో తిరిగి అక్టోబర్ మధ్యలో కొనండి, ఆ రద్దీ తగ్గాక రేట్లు దిగుతాయి. క్యాంపస్‌లోనే స్టూడెంట్లు నడిపే బైక్ బార్న్ ఉంది, 1971 నుంచీ ఉంది, రిపేర్లకి మొదట అక్కడికే వెళ్ళండి.

పాతది చూసేటప్పుడు పగలు చూడండి. చక్రం తిప్పి బ్రేకు రబ్బర్ల మధ్య రిమ్ము అటూ ఇటూ ఊగుతుందేమో చూడండి, కొంచెం ఊగితే బెండు తీయించొచ్చు, పుల్లలు విరిగుంటే వద్దు. పెడల్ కొమ్ముని పట్టుకుని పక్కకి కదిపితే టకటక ఆడకూడదు. చైన్‌ని మధ్యలో వేలితో కదిపితే అర అంగుళం దాకా ఆడాలి, ఇంకా వదులుగా ఉంటే ఊడిపోతుంది, బిగుసుకుని ఉంటే తొక్కడం బరువు. సీటు పైకీ కిందకీ జరుగుతుందో లేదో చూడండి, తుప్పు పట్టి అతుక్కుపోయినవి చాలా ఉంటాయి. మధ్య రాడ్డుకి అటో కాలు ఇటో కాలు వేసి నిలబడితే ఓ అంగుళం ఖాళీ ఉండాలి, ఐదున్నర అడుగుల మనిషికి 52, 54 సెంటీమీటర్ల ఫ్రేము సైజులు కుదురుతాయి. మడ్‌గార్డుకీ క్యారియర్‌కీ ఫ్రేముకి కన్నాలున్నాయా అని తప్పకుండా చూడండి, చవక ఫిక్సీ ఫ్రేములకి చాలావాటికి ఉండవు, ఆ సంగతి ఇండియన్ స్టోర్ నుంచి 10 పౌండ్ల బియ్యం వీపున మోసుకొచ్చేటప్పుడు తెలుస్తుంది.

ఆఖరికి సైకిల్‌ని తలకిందులు చేసి పెడళ్ళు కలిసేచోట అడుగున నంబరు చూడండి. దాన్ని అరగదీసి ఉంటే నమస్కారం పెట్టి వచ్చేయండి, అది ఎవడిదో కొట్టేసిన సైకిల్. నంబరుంటే బైక్ ఇండెక్స్ సైట్‌లో కొట్టి చూడండి, దొంగసొత్తని ఎవరైనా పెట్టి ఉంటే తెలుస్తుంది, కొన్నాక మీ పేరున అక్కడే ఫ్రీగా రిజిస్టర్ చేసుకోండి.

దొంగల గురించి ఎంత చెప్పినా తక్కువే. నా మొదటి సైకిల్‌కి 12 డాలర్ల వైరు తాళం వేశా, చూడ్డానికి బొటనవేలంత లావు. ఆరు వారాలు ఉంది. ఒకరోజు పొద్దున అపార్ట్‌మెంట్ కింద ర్యాకు దగ్గరికి వెళ్తే తాళం మాత్రం కింద చక్కగా చుట్ట చుట్టుకుని పడుంది, మధ్యలో కత్తెరతో రిబ్బను కోసినట్టు కోసేశారు. ఇనప కడ్డీ యూ తాళం కొనండి, 40, 50 డాలర్లు పెట్టండి, సైకిల్ ధరలో సగం అయినా సరే. అది ఫ్రేమునీ వెనక చక్రాన్నీ కలిపి ర్యాకుకి పట్టేలా వేయాలి. ఒక్క ముందు చక్రానికి వేస్తే చక్రం మీకు మిగులుతుంది, మిగతాది వాడికి. నట్లు బిగించిన చక్రాలే నయం, చేత్తో విప్పే లివరు ఉన్నవి అయితే ముందు చక్రం కూడా పోతుంది.

పంక్చర్ల గురించి. ఎండాకాలం ఆఖర్లో ఇక్కడ రోడ్ల అంచున ఎండిన ముళ్ళకాయలు పడుంటాయి, గోట్ హెడ్ అంటారు ఇక్కడివాళ్ళు. నా టైరులోంచి మొదటిది పీకి అరచేతిలో పెట్టుకుని చూస్తే తెలిసిన మొహమే, మన పల్లేరు కాయ! చిన్నప్పుడు చెప్పుల్లేకుండా చేలో నడిస్తే గుచ్చుకునేదే, ఇంతదూరం వచ్చినా వదల్లేదు. మందపాటి ట్యూబులు వేయించుకోండి. ట్యూబ్ మార్చేముందు టైరు లోపల వేలితో మెల్లిగా తడిమి చూడండి, ముల్లు అందులోనే ఉంటే కొత్త ట్యూబూ పోతుంది, నేను ఒకే రోజు రెండు పోగొట్టుకున్నా. సన్న టైర్లకి సన్నటి వాల్వు ఉంటుంది, మామూలు పంపు పట్టదు, ఇత్తడి అడాప్టర్ ఒకటి తీసుకుని తాళాల గుత్తికి వేసుకోండి.

లైట్లు రెండూ కొనండి, ముందు తెల్లది, వెనక ఎర్రది. చీకటిపడ్డాక ముందు లైటు లేకపోతే పోలీసు ఆపుతాడు, స్టాప్ బోర్డు దగ్గర ఆగకపోయినా, రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నా అంతే. సైకిల్‌కి ఫైనేంటి అని నేనూ నవ్వా, కట్టేదాకా. చలికాలంలో టూలీ ఫాగ్ అని ఒక పొగమంచు దిగుతుంది, ముందున్న సైకిల్ కూడా కనబడదు, అప్పుడు ఆ ఎర్ర లైటే దిక్కు. హెల్మెట్ 18 ఏళ్ళ లోపువాళ్ళకే చట్టం, మీరైతే పెట్టుకోండి.

ఒక్క హెచ్చరిక, ఇదంతా డేవిస్‌కీ, అర్బానా షాంపేన్, టెంపీ లాంటి చదును ఊళ్ళకే. ఇథాకా ఊళ్ళో ఉన్న కార్నెల్ యూనివర్సిటీకి పోయేవాళ్ళు ఇది చదివి సింగిల్ స్పీడ్ కొని అక్కడి కొండెక్కుతూ నన్ను తిట్టుకోవద్దు, మీకు గేర్లే కావాలి.

ఇండియా నుంచి సైకిల్ తేవొద్దు, విమానంలో దాని ఛార్జీకే ఇక్కడ పాతది వస్తుంది. తేవాలనుంటే 15 ఎమ్మెమ్ స్పానర్ ఒకటి తెచ్చుకోండి, వెనక చక్రం నట్లు చాలావాటికి అదే సైజు. అక్కడ మన ఊళ్ళో సైకిల్ షాపులో అడిగితే ఇచ్చేస్తారు. మా ఇంట్లో కూడా ఒకటి ఎక్స్‌ట్రా ఉంది కానీ పోయినేడాది ఎవరో తీసుకెళ్ళి ఇంకా ఇవ్వలేదు, ఇది చదువుతుంటే తెచ్చివ్వండి.