144 సెక్షన్‌తో సిగ్నళ్ల దగ్గర గుమికూడటాన్ని, అడుక్కోవడాన్ని శాశ్వతంగా నిషేధించవచ్చా?

నిషేధించలేరు, ఆ ఉత్తర్వు గడువు గరిష్ఠంగా 2 నెలలే, ప్రాణాపాయమో అల్లర్ల భయమో ఉంటే రాష్ట్ర ప్రభుత్వం మరో 6 నెలల వరకు పొడిగించవచ్చు. 2024 జులై 1 నుంచి సీఆర్‌పీసీ (పాత నేర విచారణ స్మృతి) 144 స్థానంలో బీఎన్‌ఎస్‌ఎస్‌ (దాని బదులు వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 163వ సెక్షన్ వచ్చింది, జనం నోట మాత్రం పాత నంబరే ఉంది.

ఈ ఉత్తర్వు శాసనసభ చేసిన చట్టం కాదు కాబట్టే ఇంత తక్కువ గడువు. ముంచుకొచ్చే ప్రమాదాన్ని అప్పటికప్పుడు ఆపడానికి మేజిస్ట్రేటు గానీ, ఆ అధికారమున్న పోలీసు కమిషనర్ గానీ రాతపూర్వకంగా ఇచ్చే ఉత్తర్వు ఇది. కారణాలు అందులోనే రాయాలి. ఇబ్బంది పడినవారు ఆ అధికారికే దరఖాస్తు పెట్టి రద్దు చేయమనో, మార్చమనో అడగవచ్చు. పేదలకు ఎంతో అవసరమైన ఈ వెసులుబాటు గురించి ఎవరూ చెప్పరు.

హైదరాబాద్‌లో 2017 నవంబరు 8న ప్రధాన కూడళ్లలో, బహిరంగ ప్రదేశాల్లో భిక్షాటనను ఇలాగే నిషేధించారు. వాహనదారుల దృష్టి మళ్లి ప్రమాదాలు జరుగుతాయన్నది అందులో చూపిన కారణం. గడువు 2018 జనవరి 7 వరకే.

‘నలుగురికి మించి ఉంటేనే 144 వర్తిస్తుంది’ అనుకోవడం పొరపాటు. సెక్షన్‌లో ఏ సంఖ్యా లేదు. ‘ఐదుగురు’ అన్న లెక్క చట్టవిరుద్ధ సమూహం నిర్వచనం లోది. ఉత్తర్వులో డివైడర్ మీద నిలబడరాదని ఉంటే ఒక్కరు నిలబడినా ఉల్లంఘనే. అందుకే ఏ ప్రాంతం, ఏ వేళలు, ఏ పని అన్నవి చదవాలి. ఉత్తర్వు తెలిసీ మీరి, ఆటంకం కలిగిస్తే బీఎన్‌ఎస్‌ (నేరాలకు శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహిత) 223 కింద 6 నెలల వరకు సాధారణ జైలు, రూ.2,500 వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.