75 వేల డాలర్ల లెక్క మీకు వర్తించదు

ప్రశ్న: బీటెక్ మెకానికల్ ఫైనలియర్ చదువుతున్నాను. రెండు ఆఫర్లు వచ్చాయి. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌కి ఏడాదికి 7.2 లక్షలు, శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీ డిజైన్ విభాగంలో 4.8 లక్షలు. నాకు డిజైనంటేనే ఇష్టం. ఏడాదికి 75 వేల డాలర్లు దాటాక ఆనందం పెరగదని అమెరికాలో తేల్చారు కదా, డబ్బు చూసి ఉద్యోగం ఎంచుకోకూడదంటాను నేను. అన్నయ్య ఒప్పుకోవడం లేదు. నాన్నది వ్యవసాయం. 4 లక్షల ఎడ్యుకేషన్ లోన్ ఉంది. ఏం చేయమంటారు?
- ఒక విద్యార్థి, నెల్లూరు జిల్లా

జవాబు: డిజైన్ వైపు వెళ్లడానికి మీకు మంచి కారణాలే ఉండొచ్చు. ఈ 75 వేల డాలర్లు మాత్రం వాటిలోకి రాదు.

ఆ అంకె 2010లో మనస్తత్వవేత్త డేనియల్ కానెమన్, ఆర్థికవేత్త ఆంగస్ డీటన్ రాసిన పరిశోధన పత్రంలోది. గాలప్ అనే సంస్థ సర్వేలో అమెరికన్లు ఇచ్చిన నాలుగున్నర లక్షలకు పైగా జవాబుల్ని వాళ్లు పరిశీలించారు. అందులో రెండు వేర్వేరు సంగతులున్నాయి. నిన్న నవ్వారా, దిగులుపడ్డారా, ఒత్తిడిగా అనిపించిందా అన్నది ఒకటి. మొత్తమ్మీద మీ జీవితానికి సున్నా నుంచి పది వరకు ఎంత వేస్తారన్నది రెండోది. 75 వేల దగ్గర ఆగింది మొదటిదే. రెండోది ఆగకుండా పెరుగుతూనే పోయింది. వాట్సాప్‌లో తిరిగి తిరిగి ఆ సగం ఎక్కడో రాలిపోయింది! పైగా అది ఒక్కరి జీతం కాదు, ఇంటిల్లిపాదీ ఏడాది ఆదాయం. అప్పటి మారకం రేటులోనే 30 లక్షలు దాటుతుంది. 4.8కీ 7.2కీ మధ్య ఊగిసలాడుతున్న మీకు ఆ గీతతో పనేముంది?

మొదటి సగం కూడా తర్వాత మారింది. 2021లో మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్ అనే పరిశోధకుడు అమెరికాలో 33 వేల మందికి పైగా ఉద్యోగుల్ని ఫోన్ యాప్ ద్వారా రోజులో ఏదో ఒక వేళ పలకరించి, ఆ క్షణాన ఎలా ఉందో అడిగాడు. ఆనందం 75 వేల దగ్గర ఆగడం లేదని తేలింది. కానెమన్ పట్టుదలకు పోకుండా ఆయనతోనే కలిసి లెక్కలు మళ్లీ చూశారు. 2023లో మరో పరిశోధకురాలు బార్బరా మెల్లర్స్‌తో కలిపి ముగ్గురూ రాసిందేమంటే, చాలామందికి ఆదాయంతోపాటు ఆనందమూ పెరుగుతోంది, బాగా దిగులుగా ఉన్న 20 శాతం మందికే లక్ష డాలర్ల దరిదాపుల్లో ఆగిపోతోంది.

అంటే అన్నయ్యే గెలిచాడా? పూర్తిగా కాదు. ఈ పరిశోధనల్లో ఆదాయాన్ని రెట్లలో లెక్కగడతారు. నెలకు 20 వేలు 40 అయితే కలిగే తేడా, లక్ష రెండు లక్షలైతే కలిగే తేడా దాదాపు ఒకటే. మీ రెండు ఆఫర్ల మధ్య ఒకటిన్నర రెట్లు ఉంది. చిన్న తేడా కాదు. 48 లక్షలు సంపాదించేవారికి అదే 2.4 లక్షలు అయిదు శాతమే. డబ్బు ఎక్కువ పనిచేసే దశలోనే మీరున్నారు. కాకపోతే ఇవన్నీ సగటులు. ఒకే జీతం తెచ్చుకునే ఇద్దరి మధ్య ఆనందంలో తేడా చాలా ఎక్కువగా ఉండొచ్చు, దానికి జీతం కారణమే కాకపోవచ్చు.

నన్నడిగితే, మీ వయసువాళ్లను ఎక్కువగా తినేసేది పోలిక. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఉద్యోగులకు తోటివారి జీతాలు చూపే వెబ్‌సైట్ ఉందని పరిశోధకులు చెప్పి చూశారు. 2012లో ప్రచురించిన ఆ ఫలితాల్లో, తమ విభాగంలో సగం మంది కంటే తక్కువ జీతమున్నవాళ్లు అసంతృప్తిపడి వేరే ఉద్యోగం వెతుకుతామన్నారు. ఎక్కువ జీతమున్నవాళ్లకు మాత్రం సంతోషమేమీ పెరగలేదు. బ్యాచ్ గ్రూపులో ప్యాకేజీలు పోస్ట్ చేసేది ఎవరో, గమ్మున చదివి పక్కన పెట్టేది ఎవరో మీకే తెలుసు.

రోజులు ఎలా గడుస్తాయన్నదీ చూడాలి. 2004లో టెక్సాస్‌లో 909 మంది ఉద్యోగినుల చేత నిన్నటి రోజును ముక్కలుగా రాయించారు. అన్నిటికంటే చికాకుగా గడిచింది పొద్దున ఆఫీసుకు వెళ్లే ప్రయాణం. బెంగళూరు ఆఫీసు ఎక్కడ, గది ఎక్కడ తీసుకుంటారు, పొద్దున ఎంతసేపు పడుతుంది? శ్రీసిటీ కంపెనీ బస్సు పెడుతుందా, షిఫ్టులున్నాయా? ఇవి అడగకుండా సీటీసీలు, అంటే కంపెనీ చెప్పే ఏడాది ప్యాకేజీలు, పోల్చి లాభం లేదు.

ఆ 7.2 లక్షల్లో వేరియబుల్ పే (పనితీరును బట్టి ఇచ్చే భాగం) ఎంత, కంపెనీ వంతు పీఎఫ్, గ్రాట్యుటీ, ఇన్సూరెన్స్ ఎంత? రెండు కంపెనీల హెచ్‌ఆర్‌లకూ మెయిల్ పెట్టి నెలకు చేతికొచ్చేది రాయించుకోండి. అందులోంచి అద్దె, భోజనం తీసేయండి. 4 లక్షల లోన్‌కు ఏడేళ్లు, పది శాతం వడ్డీ అనుకుంటే ఈఎంఐ నెలకు 6,600 పైచిలుకు. చదివిన కాలపు వడ్డీ అసలులో కలిస్తే ఇంకాస్త పెరుగుతుంది.

శ్రీసిటీ జీతంలో ఈఎంఐ కట్టి, ఇంటికి కొంత పంపగలిగితే డిజైన్‌కే వెళ్లండి. రెండు మూడేళ్లు టెస్టింగ్ చేశాక మెకానికల్ డిజైన్‌లోకి రావడం కష్టం, డిజైన్ నుంచి టెస్టింగ్‌లోకి వెళ్లడం కొంత నయం. ఈఎంఐకే చేతులెత్తేసే పరిస్థితైతే బెంగళూరు వెళ్లండి. అప్పు భయంతో చేసే ఇష్టమైన పని ఎన్నాళ్లో ఇష్టంగా ఉండదు. సంతకం చేసేముందు రెండు ఆఫర్ లెటర్లలోనూ బాండ్ ఉందేమో, మధ్యలో మానేస్తే ఎంత కట్టమంటారో చదవండి.