సీనియర్ వెళ్లిపోతే పద్ధతి కూడా వెళ్లిపోవాలా?

ప్రశ్న: మేడం, నేను తార్నాక దగ్గర ఒక బయాలజీ ల్యాబ్‌లో పీహెచ్‌డీ రెండో ఏడు చదువుతున్నాను. మా ల్యాబ్ వికీ (ల్యాబ్‌లో అందరూ కలిసి రాసుకునే వెబ్ పేజీలు) చూసుకునే పని గైడ్ గారు నాకు అప్పజెప్పారు. ప్రోటోకాల్స్ (ప్రయోగాలు చేసే పద్ధతులు), పరికరాల వాడకం, ప్లాస్మిడ్ల (ప్రయోగాల్లో వాడే చిన్న డీఎన్ఏ వలయాల) లిస్టు అన్నీ అందులోనే. 140 పేజీలుంటే సగం పాతబడ్డాయి. రాయమంటే అందరూ "రాస్తాలే" అంటారు. ఏ మార్పయినా గైడ్ గారు చూశాకే పెట్టాలని రూలు. ఇద్దరు సీనియర్లు డిసెంబరులో థీసిస్ ఇచ్చేసి వెళ్లిపోతున్నారు. వాళ్లకు తెలిసిందంతా వాళ్లతోనే పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, ఈ ఊళ్లోనే ఒక పరిశోధన సంస్థలో 26 ఏళ్లు టెక్నికల్ ఆఫీసరుగా చేశాను. చివరి 11 ఏళ్లు మా ల్యాబ్ వికీ నేనే చూసుకున్నాను. మీ టెన్షన్ అనవసరమైనది కాదు.

ముందు ఆ 140 పేజీల సంగతి పక్కన పెట్టండి. డిసెంబరులోపు ఆ ఇద్దరి చేతిలో ఉన్న పని పేజీల్లోకి రావాలి, అంతే. వాళ్లను రాయమని అడగకండి. థీసిస్ రాస్తున్నవాళ్లకు ఇంకో పేజీ అంటే ప్రాణం మీదికొస్తుంది. వాళ్లు ప్రయోగం చేసేటప్పుడు పక్కన నిలబడి మీరే రాసుకోండి. తర్వాత, ల్యాబ్‌లో అందరికంటే కొత్తగా చేరినవాళ్లకు ఆ పేజీ ఒక్కటే ఇచ్చి చేయమనండి. మీరు పక్కనే ఉండండి, నోరు మాత్రం విప్పకండి. వాళ్లు ఎక్కడ ఆగి మీ మొహం చూస్తారో పేజీలో అక్కడ ఏదో తక్కువైందన్నమాట. వెంటనే అక్కడే రాసేయండి.

ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. మా దగ్గర ప్రొటీన్ ప్యూరిఫికేషన్ (ప్రొటీన్‌ను శుద్ధి చేసే) పేజీలో "ట్రిస్ బఫర్, పీహెచ్ 8" అని ఒక్క ముక్క ఉండేది. బఫర్ అంటే పీహెచ్‌ను, అంటే ఆమ్ల-క్షార స్థాయిని, నిలకడగా ఉంచే ద్రావణం. రాసిన అబ్బాయి పోస్ట్‌డాక్‌కి విదేశం వెళ్లిపోయాడు. అతని తర్వాత వచ్చిన అమ్మాయికి మూడు నెలలైనా ప్రొటీన్ కాలమ్‌కు (ప్రొటీన్‌ను పట్టి వేరుచేసే గొట్టానికి) పట్టదు. తప్పు తనదేననుకుని ఆ పిల్ల ఎంత ఏడ్చిందో! ఒకరోజు పక్కన నిలబడి చూశాను. బఫర్‌ను బల్ల మీదే, 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 8కి సరిచేసి కోల్డ్ రూమ్‌లోకి పట్టుకెళ్తోంది. ట్రిస్ ఒక్కో డిగ్రీ చల్లబడేకొద్దీ పీహెచ్ దాదాపు 0.03 చొప్పున పెరుగుతుంది. 4 డిగ్రీలకు వచ్చేసరికి 8.6 అయిపోతుంది. మా ప్రొటీన్ ఆ తేడాకే పట్టు వదిలేసేది. ఆ అబ్బాయికి మెయిల్ పెడితే, తను బఫర్‌ను కోల్డ్ రూమ్‌లోనే చల్లబరిచి, మీటర్‌ను అక్కడే క్యాలిబ్రేట్ చేసి సరిచేసేవాడినని జవాబిచ్చాడు. అది రాయాల్సిన విషయమని అతనికి తట్టనే లేదు. అందుకే పేజీలో అంకె ఒక్కటే చాలదు. ఏ ఉష్ణోగ్రత దగ్గర, ఎందుకు అన్నది కూడా రాయండి. పని చేయని పద్ధతులు కూడా రాయించండి. ఎవరో ఆరుసార్లు చేసి వదిలేసినదాన్ని ఇంకొకరు ఏడోసారి చేయడం ఎందుకు?

గైడ్ గారి రూలు గురించి ఆయనతో నిదానంగా మాట్లాడండి. 1995లో వార్డ్ కన్నింగ్‌హామ్ మొదటి వికీ పెట్టినప్పుడు, హొనొలులు ఎయిర్‌పోర్టులో తిరిగే బస్సు పేరునుంచి ఆ పేరు తీసుకున్నారు. హవాయి భాషలో వికీ అంటే త్వరగా అని. తప్పు కనిపించినవాళ్లు అప్పటికప్పుడే దిద్దేయగలగాలి. రెండు వారాలు ఆగమంటే ఇంక దిద్దరు. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో హిస్టరీలో ఉంటుంది, పాతది ఎప్పుడైనా వెనక్కి తెచ్చుకోవచ్చు. కాబట్టి ముందు దిద్దనిచ్చి, తర్వాత చూడమనండి. ప్రమాదకరమైన కెమికల్స్ పేజీలు మాత్రం ఆయన చూశాకే పెట్టడం మంచిది.

పాత పేజీలు తీసేయకండి. పైన "పాతది, వాడకండి" అని రాసి కొత్తదాని లింకు ఇవ్వండి. ప్రతి ప్రోటోకాల్ మీదా చివరిసారి ఎవరు, ఏ తేదీన చేసి చూశారో ఉండాలి. పేజీ దిద్దిన తేదీ వేరు, చేసి చూసిన తేదీ వేరు. మేం శుక్రవారం ల్యాబ్ మీటింగ్ అయ్యాక చాయ్, ఉస్మానియా బిస్కెట్లు పెట్టుకుని పావుగంటలో మూడు పేజీలు చూసేవాళ్లం. మూడే. అంతకంటే ఎక్కువ పెట్టుకుంటే ఎవరూ కూర్చోరు.

ఇంకో మాట. మైనస్ 80 ఫ్రీజర్ అలారం మోగితే ఏం చేయాలో చెప్పే పేజీని ప్రింట్ తీసి ఫ్రీజర్ తలుపుకే అంటించండి. మే నెల రాత్రి కరెంటు పోయిందంటే అదే బిల్డింగ్‌లో ఉన్న సర్వర్ కూడా ఆగిపోతుంది. గ్లాస్‌వేర్ కడిగే ఆమె కోసం యాసిడ్ సీసాల జాగ్రత్తలు తెలుగులో, పెద్ద అక్షరాలతో సింక్ దగ్గర పెట్టండి. ఆమె కూడా ల్యాబ్ మనిషే.

ప్రశ్న: మా ల్యాబ్ ఫైళ్లన్నీ ఒక విద్యార్థి మెయిల్ అకౌంట్‌లోని డ్రైవ్‌లోనే ఉన్నాయి. వికీకి మారదామనుకుంటున్నాం. ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?
- ఒక పాఠకుడు, గచ్చిబౌలి

జవాబు: బాబూ, ముందు ఈరోజే ఆ ఫైళ్లన్నిటికీ కాపీ తీయండి. నాకు తెలిసిన ఒక ల్యాబ్‌లో విద్యార్థి చదువు అయిపోగానే అకౌంట్ మూసేశారు. ఫ్రీజర్ బాక్సుల లెక్క అంతా పోయింది. ఏ ట్యూబులో ఏ ప్లాస్మిడ్ ఉందో మళ్లీ సీక్వెన్సింగ్‌కి (డీఎన్ఏ వరుస చదివే పరీక్షకు) పంపి తెలుసుకోవాల్సి వచ్చింది. అకౌంట్ ల్యాబ్ పేరు మీద ఉండాలి, అడ్మిన్లు కనీసం ఇద్దరుండాలి.

పదిమంది ఉండే ల్యాబ్‌కు డోకువికీ సరిపోతుంది. డేటాబేస్ అక్కర్లేదు, పేజీలన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా ఉంటాయి. తెలుగు వికీపీడియా నడిచే మీడియావికీ కూడా మంచిదే, కానీ దానికి డేటాబేస్ చూసుకునే మనిషి కావాలి. ఫ్రీజర్ లెక్కలు స్ప్రెడ్‌షీట్‌లోనే ఉంచి లింకు ఇవ్వండి. పేషెంట్ల పేర్లు, పాస్‌వర్డులు వికీలో ఎక్కడా పెట్టకండి.

బ్యాకప్ తీశాక దాన్ని వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి. మేం మొదటిసారి తెరిచినప్పుడు రాతంతా వచ్చింది, జెల్ ఫొటోలు ఒక్కటీ రాలేదు. డోకువికీలో పేజీలు ఒక ఫోల్డర్‌లో, ఫొటోలు మీడియా అనే ఇంకో ఫోల్డర్‌లో, పాత వెర్షన్లు ఆటిక్ అనే మరో దాంట్లో ఉంటాయి. మేం మొదటిదొక్కటే కాపీ చేశాం. మీరు డేటా ఫోల్డర్ మొత్తం తీసుకోండి.