పాఠకుల ప్రశ్నలు: గోదావరి తీరానికి చేపల కోసం ఎప్పుడు వెళ్ళాలి?

ప్రశ్న: మేము చెరువుల్లోని కొర్రమట్ట, రవ్వ, బొచ్చె తిని పెరిగినవాళ్ళం. మే నెలలో పిల్లల సెలవులకు కాకినాడ, యానాం వైపు వెళ్ళి సముద్రపు చేపలు, వీలైతే పులస కూడా తినాలని అనుకుంటున్నాము. మా అత్తగారు కూడా వస్తారు. ఎక్కడ తింటే బాగుంటుంది?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ఎక్కడ తినాలో చెప్పే ముందు, దయచేసి నెల మార్చుకోమని కోరుతున్నాను. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులపాటు, చేపలు గుడ్లు పెట్టే కాలమని మరపడవల వేటను నిషేధిస్తారు. యానాం పుదుచ్చేరి పాలనలో ఉన్నా అక్కడ కూడా ఇదే నిషేధం అమలవుతుంది. ఆ రోజుల్లో హోటళ్ళలో మీకు వడ్డించేది చాలావరకు చెరువుల్లో పెంచిన రొయ్యలు, చేపలు, లేదా ఐసులో నిలవ ఉంచిన సరుకు. దానికోసం పెద్దావిడను, పిల్లలను అంత ఎండలో తిప్పనక్కరలేదు.

పులస మే నెలలో అసలే రాదు. గోదావరికి ఎర్రనీరు వచ్చే జూలై మొదలుకొని సెప్టెంబరు వరకు, సముద్రంలో విలస అని పిలిచే చేప గుడ్లు పెట్టడానికి వరదకు ఎదురీదుతూ నదిలోకి వస్తుంది. ధవళేశ్వరం బ్యారేజీ దాటి పైకి పోలేదు కనుక, అక్కడినుంచి యానాం వరకు ఉన్న గోదావరిలోనే జాలరుల వలకు చిక్కుతుంది. ఒక్కొక్క చేప ధర వేల రూపాయలు పలకడంతో, ఒడిశా, బెంగాల్ నుంచి ఐసుపెట్టెల్లో వచ్చిన విలసను పులస పేరుతో అమ్మడం మామూలైపోయింది. అందుచేత దారి పక్కన కనిపించిన చోట కొనకుండా, ఆ ఊళ్ళలో తెలిసినవారు ఉంటే వారి ద్వారా ఒకరోజు ముందే చెప్పి వండించుకోవడం మంచిది. మట్టి దాకలో, కట్టెల పొయ్యి మీద, చింతపండు పులుసులో బెండకాయలు, పచ్చిమిరపకాయలు వేసి సన్నని సెగన ఉడికించి, చివర ఆవకాయ మీది నూనె పోస్తారు. మర్నాటికి ముక్కకు పులుసు పట్టి రుచి ఇంకా పెరుగుతుంది కాబట్టి ముందురోజు వండించడంలో ఆ లాభమూ ఉంది. అయితే పులసకు వెంట్రుకల్లాంటి సన్నని ముళ్ళు చాలా ఉంటాయి; పిల్లలకు మీరే తీసి పెట్టాలి. మీ అత్తగారు శ్రావణంలో నీసు ముట్టనివారైతే ఆ నెల వదిలి, భాద్రపదంలో వినాయక చవితి సందడి ముగిశాక చూసుకోండి.

మీ కుటుంబానికి నేను ఎక్కువగా సూచించేది జనవరి. వరద హోరు, తుపానుల భయం తగ్గి ఉంటాయి. చందువ, వంజరం, మాగ, పండుగప్ప వంటివి రేవుకు వస్తాయి. చందువ, వంజరాలకు సన్నముళ్ళ బాధ తక్కువ కనుక పిల్లలకు అవే మేలు. కాకినాడ రేవులో తెల్లవారుజామున వేలం ముగిసేసరికి అక్కడ ఉండి, చేపలమ్మే ఆడవారి దగ్గరే కొని, వారిచేతే శుభ్రం చేయించుకోండి. మొప్పలు ఎర్రగా, కళ్ళు ఉబ్బెత్తుగా ఉండాలి, వేలితో నొక్కితే పడిన గుంట వెంటనే పూడాలి. కోరంగి మడ అడవుల వైపు దొరికే మండపీతలు కొనేటప్పుడు పరిమాణం చూసి మోసపోకుండా చేత్తో ఎత్తి చూడండి. బరువున్న పీతలోనే కండ ఉంటుంది. వంటకు వీలున్న బస దొరికితే పీతల ఇగురు మీ ఇంటి కారంతోనే చేసుకోవచ్చు.

దీపావళి దగ్గర్లో యానాం వైపు దొరికే చీరమేను కూడా ఎంతో రుచికరమైనదే. దారప్పోగంత సన్నని ఆ పిల్లచేపలను కొలిచి అమ్ముతారు, పప్పు రుబ్బులో కలిపి గారెలు వేస్తారు. కానీ కార్తీక నియమాలున్న ఇంట అది కుదరదు.

సంక్రాంతి సెలవుల్లో గోదావరి జిల్లాల రైళ్ళు, బసలు కిక్కిరిసి ఉంటాయి. కనుమ దాటిన మర్నాడు చేరేలా, రెండు నెలల ముందే టికెట్లు తీసుకోండి.